చర్చ: యుద్ధ సమయంలో రాయబారి ఉండగా ప్రత్యేక దూత దేనికి?

బరంపురం కుర్రాడు:
ఉక్రెయిన్ యుద్ధం ఆపించడానికి ట్రంప్ తన మనిషిగా విట్‌కాఫ్‌ను మాస్కో పంపించాడు కదా. ఆయన రియల్ ఎస్టేట్ వ్యాపారి, దౌత్యం తెలీదు అని అందరూ ఒకటే గోల. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన నమ్మకస్తుడని లండన్‌కు పంపిన హాప్కిన్స్ మాత్రం దౌత్యవేత్తా? వారాల తరబడి చర్చిల్ వెంట తిరిగి, ఇంగ్లండ్ నిలబడుతుందని నమ్మకం కుదిరాక రూజ్‌వెల్ట్‌కు ఆ మాటే చెప్పాడు. జూలైలో స్టాలిన్‌నూ కలిశాడు. ఫైళ్లతో అయ్యే పనేనా అది?

పర్లాకిమిడి మాస్టారు:
హాప్కిన్స్ ఒక్కడినే చూపిస్తే ఎలా బాబూ? మన పక్కనే జరిగిన 1971 చూడు. చైనాతో రహస్య మంతనాలకు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌ను మధ్యవర్తిగా పెట్టుకున్నాడు. ఢాకాలో అమెరికా కాన్సల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న సిబ్బంది సంతకాలతో టెలిగ్రాం పంపాడు, తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం జనాన్ని చంపుతుంటే తమ అమెరికా ప్రభుత్వం నోరు మెదపడం లేదని. వినకపోగా ఆయన్నే అక్కణ్నుంచి తీసేశారు. జూలైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ కడుపునొప్పి వంకతో పాకిస్తాన్ నుంచి బీజింగ్ వెళ్లొచ్చాడు. ఆ రహస్య దారి చెడకూడదని, కళ్లారా చూసినవాడి మాట పక్కన పడేశారు. నా అభ్యంతరం అదీ. ఆగస్టు 9న మనం సోవియట్‌తో ఒప్పందం చేసుకోవడానికి ఆ బీజింగ్ యాత్ర కూడా ఒక కారణం.

బరంపురం కుర్రాడు:
చైనాతో సంబంధాలు కుదిరాయి కదా మాస్టారూ! మామూలు దారిలో వెళ్తే ముందే బయటికి పొక్కేది.

కోరాపుట్ నుంచి:
దోహా మర్చిపోయారా? 2020 ఫిబ్రవరి 29న అక్కడ అమెరికా ప్రత్యేక దూత ఖలీల్‌జాద్ తాలిబాన్‌తో ఒప్పందం మీద సంతకాలు చేశాడు. కాబూల్ ప్రభుత్వాన్ని పిలవనే లేదు, కానీ 5,000 మంది వరకు తాలిబాన్ ఖైదీలను వదలాల్సింది మాత్రం వాళ్లే! 2021 ఆగస్టుకల్లా కాబూల్ తాలిబాన్ చేతికి పోయింది. మాకిది వింతేం కాదు. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా 21 ఊళ్ల మీద 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని కమిటీ అన్నారు. రెండు రాష్ట్రాల కార్డులూ పట్టుకు తిరిగే ఆ ఊళ్లవాళ్లను ఎవరడిగారు?

పర్లాకిమిడి మాస్టారు:
దూత వద్దనను. రాయబారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, మాటలన్నీ కాగితం మీద ఉండాలి, దుబాసీ తనవాడై ఉండాలి. విట్‌కాఫ్ క్రెమ్లిన్ దుబాసీనే వాడుకున్నాడని వార్తలొచ్చాయి, అదేం పద్ధతి?

బరంపురం కుర్రాడు:
దుబాసీ సంగతి ఒప్పుకుంటా. రాయబారిని పక్కన పెట్టుకుంటే పుతిన్ నోరు విప్పుతాడంటారా?