కుక్క కాటు మీద విచారణకి పోతే మొదట ఏం అడగాలి?

కావలి_వార్డు

నమస్తే అండి. నేను కావలిలో వార్డు శానిటేషన్ సెక్రటరీని. చెత్త, కాలవలు, దోమల మందు, ఇన్నాళ్ళూ ఇవే నా పని. ఇప్పుడు కుక్క కాటు ఫిర్యాదులు కూడా మా సచివాలయానికి పంపుతున్నారు. "పోయి విచారించి రిపోర్టు ఇవ్వండి" అంటారు గానీ ఏం విచారించాలో చెప్పేవాళ్ళు లేరు.

మొన్న ఒకింటికి పోయాను. నాలుగో తరగతి పిల్లోడు, పిక్క మీద పళ్ళు దిగిన గుర్తులు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోయి మొదటి సూది వేయించారట. వాళ్ళ నాన్న నన్ను చూడగానే "ముందు ఆ కుక్కని చంపించండి, తర్వాత మాట్లాడదాం" అని మీదికొచ్చాడు. వీధి మొదట్లో టీ కొట్టాయనేమో "మా వీధి కుక్కలు ఎవరి జోలికీ పోవు, వాడే రాయి విసిరుంటాడు" అంటాడు. ఆ కుక్క ఏదో, ఎక్కడుందో ఇంకా తెలీదు.

ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పోగానే మొదట ఏం అడగాలి? కుక్క దొరక్కపోతే ఏం చెయ్యాలి?

మూలాపేట_పెద్దాయన

అమ్మాయ్, నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి, తర్వాత నెల్లూరు టౌన్లో కుక్కల పని చూసి రిటైరయినోణ్ణి. నాకు తెలిసింది చెప్తా.

తప్పు కుక్కదా పిల్లోడిదా అనేది నీ రిపోర్టులో ఆఖరి సంగతి. మొదటి సంగతి, ఆ కుక్క ప్రాణంతో ఉందా, ఉంటే యాడుంది? దాన్ని వెతికి పట్టుకొని, పది రోజులు ఎవరో ఒకరి కంటి ముందు ఉండేట్టు చూడడమే నీ విచారణ అంతా.

పది రోజులే ఎందుకంటే, రేబిస్ పట్టిన కుక్కకి పిచ్చి బయటపడడానికి కొన్ని రోజుల ముందు నుంచే చొంగలో వైరస్ వస్తుంది. అక్కడి నుంచి ఆ కుక్క ఎక్కువ రోజులు బతకదు. కరిచిన నాటి నుంచి పది రోజులు నిండినాక కూడా అది తింటా, తిరగతా, ఎప్పట్లాగే ఉందంటే, కరిచిన రోజు దాని చొంగలో ఏమీ లేదన్నమాట. ఈ లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే. కోతికీ ముంగిసకీ నక్కకీ పెట్టుకోబాకు.

అట్టా అని "పది రోజులు చూసి సూదులు వేయించుకుందాం" అని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోబాకు. కాటు పడిన రోజే మొదటి డోసు పడాలి. మన విచారణ మన దారిన పోతుంది, సూదులు వాటి దారిన పోవాలి. రోగం బయటపడినాక కాపాడే మందు లేదు.

ఇక కుక్కని వెతకడం. పిల్లోణ్ణి వాళ్ళ నాన్న లేనప్పుడు, వాళ్ళమ్మ పక్కన కూచోబెట్టుకొని అడుగు. తిడతాడన్న భయంతో నాన్న ముందు నోరు విప్పరు. కుక్క రంగు ఏంది, తోక చుట్టుకొని ఉందా, చెవి కొన తెగి ఉందా, మెడలో తాడుందా, పాల చన్నులు వేలాడతా ఉన్నాయా, ఇట్టా ఒక్కొక్కటే. ఆ తర్వాత, కాటు పడిన వేళకే మళ్ళీ ఆ చోటికి పో. పొద్దున ఆరింటికి కరిస్తే ఆరింటికే పో, రాత్రి కరిస్తే రాత్రే పో. వీధి కుక్కలకి వేళలుంటాయి. మిట్టమధ్యాహ్నం పోతే ఆటో కింద పడుకున్న వేరే కుక్కని చూపించి ఇదే అంటారు.

ఓనరు లేని కుక్కకైనా అన్నం పెట్టేవాళ్ళు ఒకరుంటారు. కోళ్ళ కొట్టాయన, ఏటీఎం కాడ వాచ్‌మన్, రాత్రి మిగిలిన అన్నం గోడ పక్కన వేసే ముసలామె. వాళ్ళు దొరికితే కుక్క దొరికినట్టే. వాళ్ళ దగ్గర కేసు, ఫిర్యాదు అనే మాటలు ఎత్తబాకు. వింటానే "మాది కాదు" అంటారు, తెల్లారేసరికి దాన్ని గోతంలో వేసి ఊరవతల వదిలేస్తారు. ఇంక పది రోజులు ఎవరిని చూస్తావు? "రోజూ పెట్టినట్టే అన్నం పెట్టండి, ముట్టకపోతే ఆ పూటే నాకు ఫోన్ చెయ్యండి" అని నంబరు ఇచ్చి రా. నాకు ఏళ్ళ తరబడి పనికొచ్చింది ఈ మాటే.

చెవి కొన కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషను, టీకా అయినాయని గుర్తు. కానీ టీకా యాడాదికోసారి మళ్ళీ పడాలి, కాబట్టి చెవి చూసి నిశ్చింతగా ఉండబాకు.

పిచ్చి అంటే అందరూ మీద పడి కరిచే కుక్కనే అనుకుంటారు. కొన్ని అట్టా ఉండవు. మూలన నక్కి, కింది దవడ జారిపోయి, చొంగ కారస్తా ఊరికే పడుంటాయి. గొంతులో ఎముక అడ్డం పడిందేమోనని జాలిపడి నోట్లో చెయ్యి పెట్టినోళ్ళని చూశాను. వాళ్ళకీ సూదులు పడాల్సిందే. అట్టాంటిది కనబడితే నువ్వు ముట్టుకోబాకు, పశువుల డాక్టరుకి కబురు చెయ్యి. అనుమానమున్న కుక్కని విడిగా పెట్టి చూడాలని 2023 ఏబీసీ రూల్సులో, అంటే కుక్కల సంతానం అదుపు చేసే రూల్సులో ఉంది.

రెండో ప్రశ్న, ఇంకెవర్ని కరిచింది? కాగితం మీద ఒక్కరి పేరే ఉంటది. నిజంగా పిచ్చి ఎక్కిన కుక్క ఒకరితో ఆగదు, వీధి దాటి ఊరు దాటి పోతుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కాడ ఒక కాపలా కుక్క అట్టా చేసింది. ఫిర్యాదు ఇచ్చింది గుంట యజమాని ఒక్కడే. మేత చల్లే కుర్రాళ్ళు ఒరిస్సా నుంచి వచ్చినోళ్ళు, రొయ్యల పట్టుబడి అయిపోయి అప్పటికే వేరే గుంటలకి పోయారు. మేస్త్రిని పట్టుకొని ఒక్కొక్కరి నంబరూ తీసుకొని ఫోన్లు చేశాం. ఒకడు "గీరింది అంతే, నెత్తురు చుక్క రాలేదు" అన్నాడు. నెత్తురు రాకుండా గోరు గీరినా సూదులు వేయించుకోవాలి. వాణ్ణి ఉన్న చోటనే దగ్గర్లో పీహెచ్‌సీకి పంపినాం. సూదుల కార్డు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోమని చెప్పినాం, ఏ ఊరికి పోయినా మిగతా డోసులు వేయించుకోవచ్చని.

పిల్లోళ్ళు దాచేస్తారు, అది ఇంకా కష్టం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తా ఉంటారు. ఆ పాత టీకా మన దేశంలో 2005 నుంచే లేదు. ఇప్పుడు జబ్బకి వేస్తారు. బడికి పోయి ప్రార్థన అప్పుడు ఈ సంగతి చెప్పి, "ఎవరినన్నా గీరిందా" అని అడుగు. అప్పుడు ఒకటో రెండో చేతులు లేస్తాయి.

పశువుల్నీ మర్చిపోబాకు. కోవూరు దగ్గర ఒక పల్లెలో గేదె అదే పనిగా అరస్తా, చొంగ కారస్తా ఉంటే గొంతువాపు అనుకొని ఇంటోళ్ళు నోట్లో చెయ్యి పెట్టి మందు పోశారు. కుక్క కరిచి అప్పటికి నెల దాటిందని తర్వాత బయటపడింది. గేదె చచ్చిపోయింది, ఇక దాని పాలు పోయించుకున్న ఇళ్ళన్నీ ఏడుపు మొదలు. కాచిన పాలతో రేబిస్ రాదు. నోట్లో చెయ్యి పెట్టినోళ్ళనీ, చొంగ అంటినోళ్ళనీ వేరు చేసి ముందు ఆసుపత్రికి పంపాలి. ఆ రోజు ఇంటింటికీ తిరిగి, "కాచి తాగారా, పచ్చివి తాగారా" అని అడిగి, పచ్చి పాలు తాగినోళ్ళని డాక్టరుకి చూపించినాం.

కుక్కని జనం అప్పటికే కొట్టి చంపేసి ఉంటే, పూడ్చకముందే పశువుల డాక్టరుకి చెప్పు. మెదడు పరీక్ష చేస్తే తెలుస్తుంది. కళేబరాన్ని ఐసులో పెట్టాలి, ఒట్టి చేతులతో ముట్టకూడదు, తల పగలకూడదు. కర్రలతో తల మీదే కొడతారు, అదే బాధ. పరీక్ష కుదరకపోతే పిచ్చిదే అనుకొని పూర్తి కోర్సు వేయించాలి. దొరకని కుక్కకీ అదే లెక్క.

రాయి సంగతి కూడా రాసుకో. ఏమీ చెయ్యకుండానే వచ్చి కరిచిందంటే అనుమానం జాస్తి. రాయి విసిరినందుకే కరిచిందని తేలినంత మాత్రాన దానికి రేబిస్ లేదని కాదు.

ఓపీ_సిస్టర్_ఒంగోలు

పెద్దాయన చెప్పినవాటికి ఆసుపత్రి వైపు నుంచి కొంచెం కలుపుతాను.

మా దగ్గరికి వచ్చేసరికే గాయం మీద పసుపో సున్నమో కారమో పెట్టి ఉంటుంది. కొందరు పసరు పోయించుకొని రెండు రోజుల తర్వాత వస్తారు. మీరు వార్డులో చెప్పాల్సిన మొదటి మాట: కరవగానే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. సబ్బు ఆ వైరస్‌ని చంపుతుంది. పదిహేను నిమిషాలంటే చాలాసేపు, పిల్లలు ఏడుస్తారు, అయినా కడగాలి. కట్టు గట్టిగా కట్టొద్దు.

చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో డోసులు. పళ్ళు దిగి నెత్తురు వచ్చిన కాటుకి టీకా ఒక్కటే చాలదు, ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా గాయంలోకి, దాని చుట్టూ ఎక్కించాలి. టీకా పని మొదలుపెట్టే లోపల కాపాడేది అదే. మొదటి డోసు పడిన ఏడు రోజుల లోపు అది వెయ్యొచ్చు. మీ పిల్లోడికి పళ్ళు దిగాయన్నారు కదా, కార్డు తీసి అది పడిందో లేదో చూడండి. పడకపోతే ఈ రోజే పంపండి. రేపటికి పెట్టుకోవద్దు.

ఈ పద్ధతిలో కుక్క పది రోజులు బాగున్నా 28వ రోజు డోసు కూడా వేయించుకోవాలి. ఏ డోసూ తప్పకూడదు. మూడో రోజు వచ్చి ఏడో రోజు రానివాళ్ళే ఎక్కువ. కూలి పోతుందని రారు. మీలాంటివాళ్ళు ఆ రోజు ఒక్క ఫోన్ చేస్తే వస్తారు.

ట్రంకురోడ్డు_వాసి

ఇంత కథ ఎందుకు? ఉన్న కుక్కలన్నిటినీ ఏరేస్తే కాట్లే ఉండవు. మా చెల్లి కూతుర్ని కరిచింది, ఆ బాధ మాకు తెలుసు. సుప్రీంకోర్టు కూడా తీసెయ్యమనే చెప్పింది కదా.

మూలాపేట_పెద్దాయన

మీ బిడ్డకి కాటు పడిందంటే మీ కోపం న్యాయమే బాబూ. కోర్టు చెప్పింది మాత్రం పూర్తిగా చూడండి. 2025 నవంబరు 7న చెప్పింది బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆటస్థలాల గురించి. అక్కడ పట్టినవాటిని ఆపరేషను, టీకా చేసి షెల్టరుకి పంపాలి, మళ్ళీ అక్కడే వదలకూడదు. వీధుల్లో కుక్కల సంగతి ఆగస్టు 22 ఉత్తర్వులో ఉంది. ఆపరేషను, టీకా అయినాక పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవీ మీద పడేవీ తప్ప. చంపమని ఎక్కడా లేదు. చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది.

ఒక వీధిలో కుక్కల్ని లేకుండా చేస్తే కోడి వ్యర్థాలు అక్కడే ఉంటాయి, పక్క వీధివి వస్తాయి. వచ్చినవాటికి టీకా పడిందో లేదో ఎవరికీ తెలీదు. నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుంది. మీరు కోపాన్ని అటు తిప్పండి. మీ వార్డులో ఎన్నిటికి టీకా వేశారని కౌన్సిలర్ని నిలదీయండి, నేనూ మీతో వస్తా.

పెంపుడు కుక్క కరిస్తే వేరే సంగతి. దాన్ని అదుపులో పెట్టని ఓనరు మీద అదే న్యాయ సంహిత 291 కింద కేసు పెట్టొచ్చు. నేను ఇలాంటి ఓనర్ల మీద ఎప్పుడూ జాలి చూపలేదు.

కావలి_వార్డు

పెద్దాయనా, సిస్టర్ గారూ, మీకు ఎంత చెప్పినా తక్కువే. పిల్లోడికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ మొదటి రోజే పడిందట, కార్డులో చూశాను. వాళ్ళమ్మ పక్కన అడిగితే సరిగ్గా చెప్పాడు: గోధుమ రంగు, ఒక చెవి తెగింది, చన్నులు వేలాడుతున్నాయి. వాడు సైకిలు దిగి బంతి కోసం పాడుబడిన షెడ్డులోకి పోయాడట. సాయంత్రం అదే వేళకి పోతే షెడ్డు వెనక కుక్క ఉంది, కళ్ళు తెరవని పిల్లలతో. పక్క కోళ్ళ కొట్టాయన రోజూ పెడుతున్నాడు, ఫోన్ చేస్తానన్నాడు. ఇప్పుడు పిల్లోడి నాన్నకి ఏం చెప్పను? కుక్కనీ దాని పిల్లల్నీ వేరే చోటికి మార్చమంటున్నారు వీధివాళ్ళు.

మూలాపేట_పెద్దాయన

మార్చనీబాకు. ఈ పది రోజులూ అది అక్కడే ఉండాలి. కదిలిస్తే పిల్లల్ని నోట కరుచుకొని ఎటో పోతుంది, నీ లెక్క పోతుంది, దారిలో ఇంకెవరినో కరుస్తుంది. షెడ్డు ముందు నాలుగు రేకులు అడ్డం పెట్టించు, పిల్లోళ్ళని అటు పోనీబాకండని ఇళ్ళల్లో చెప్పు. చెవి తెగి కూడా ఈనిందంటే, ఆ చెవి కొట్లాటలో తెగిందయ్యుంటది. టీకా పడలేదనే రాసుకో.

వాళ్ళ నాన్నని నీతో తీసుకుపోయి దూరం నుంచి కుక్కని చూపించు. "ఇది బతికుంటేనే మీ పిల్లోడికి ఏమీ కాదని మనకు తెలుస్తుంది" అని చెప్పు. రోజూ సాయంత్రం ఆయన్నే పోయి చూసి నీకు చెప్పమను. పని అప్పజెబితే కోపం తగ్గుతుంది, పైగా నీకో సాక్షి దొరుకుతాడు. పిల్లలు పాలు మరిచినాక తల్లిని ఆపరేషనుకి పంపించు, అది ఇప్పుడే కాగితం మీద పెట్టు.

ఒకటి అడగడం మర్చిపోయాను. నువ్వు ముందస్తు టీకా వేయించుకున్నావా?

కావలి_వార్డు

లేదండి. మాకు వేస్తారని కూడా తెలీదు.

ఓపీ_సిస్టర్_ఒంగోలు

వేయించుకోవాలమ్మా. మీ పనికి అది తప్పనిసరి అనుకోండి. 0, 7, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు. అది పూర్తయితే, రేపు మిమ్మల్నే ఏ కుక్కైనా కరిచినా 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, ఇమ్యూనోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. మీ ఆఫీసు నుంచి ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి లెటరు పెట్టించండి. మీ ఒక్కరికే కాకుండా కుక్కలు పట్టే వాళ్ళకీ, చెత్త బండి వాళ్ళకీ కలిపి అడగండి. వాళ్ళంతట వాళ్ళు అడగరు.