మలావీ పల్లెలో విరాళం దోమతెరలకా, బడిపిల్లల గంజికా? అనుభవం ఉన్నవారు చెప్పగలరా

ఉద్యోగరీత్యా రెండేళ్లుగా మలావీ రాజధాని లిలాంగ్వేలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి, సరస్సు ఒడ్డున సలీమా దగ్గరి పల్లెలో పనిచేసే చిన్న సేవాసంస్థకు ఏటా కొంత డబ్బు ఇస్తున్నాం. ఇంతకాలం అదంతా దోమతెరలకే పోయింది. మలేరియా ఇక్కడ మన జలుబంత మామూలు.

పోయిన నెల వెళ్లి చూస్తే, మేమిచ్చిన నీలం తెరలు రెండు ఇసుకలో ఆరేసి ఉన్నాయి, నిండా పొలుసులతో. వాటితో ఉసిపా అనే చిన్న చేపలు పడుతున్నారట. కోప్పడదామనుకున్నాను, నోరు రాలేదు.

ప్రాథమిక బడిలో 1994 నుంచి ఫీజు లేదు. కానీ జనవరి నుంచి మార్చి దాకా, కొత్త మొక్కజొన్న చేతికొచ్చేలోపు, చాలామంది పిల్లలు బడికి రారు. అందుకే సంస్థవారు ఈసారి మొక్కజొన్న, సోయా పిండితో కాచే పొద్దుటి గంజికి ఇమ్మంటున్నారు. మావాళ్లలో కొందరేమో బడికి గది కట్టిద్దాం, పేర్లతో శిలాఫలకం ఉంటుంది అంటున్నారు. (ఈ ఫలకాల మోజు సముద్రాలు దాటినా వదలదు.)

నేను గంజి వైపే ఉన్నాను. అయితే ఏడాది పెట్టి ఆపేస్తే పిల్లలకు మరింత నష్టమా? పిండి ఊళ్లోనే కొని తల్లుల చేత వండించినవారు ఉన్నారా? లెక్కలు ఎవరు చూసేవారు? తెరలు చేపల వేటకు పోకుండా ఎవరైనా ఏమైనా చేయగలిగారా? డిసెంబరులోపు తేల్చుకోవాలి.