అద్దె రాబడి కోసం: నల్లగండ్లలో అప్పు చేసి ఫ్లాటా, హనుమకొండ ఇంటిపై అంతస్తా?

ఓరుగల్లు_వాసి (ప్రశ్న వేసినవారు)

హైదరాబాదులో ఉద్యోగం, అద్దె ఇల్లు. చేతిలో 32 లక్షలున్నాయి. నెలనెలా అద్దె వచ్చే ఆస్తి ఒకటి సమకూర్చుకోవాలని ఆలోచన. రెండు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, హైదరాబాదు పడమర వైపు నల్లగండ్లలో 95 లక్షల రెండు పడక గదుల ఫ్లాటు. 70 లక్షల అప్పు తీసుకోవాలి. అద్దె 30 వేలు పలుకుతోంది. రెండోది, హనుమకొండలో నాన్న కట్టిన ఇంటిపై మొదటి అంతస్తు వేసి రెండు పోర్షన్లు చేయడం. 1,100 చదరపు అడుగులకు మేస్త్రీ 22 లక్షలు చెప్పాడు. ఒక్కో పోర్షనుకు 7,500 వస్తుంది. కింద అమ్మానాన్నలు ఉంటారు. మీరైతే ఏది చేస్తారు?

లెక్కల_మాస్టారు

ముందు ఫ్లాటు సంగతి. 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే 70 లక్షలకు వాయిదా నెలకు సుమారు 58,500. రిజిస్ట్రేషను ఖర్చు తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే మరో ఏడు లక్షల పైచిలుకు. బ్యాంకు దీన్ని ఇంటి విలువలో కలపదు కాబట్టి మీ జేబులోంచే పోవాలి. అక్కడికి మీ 32 లక్షలూ అయిపోయాయి.

ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకోండి. వచ్చేది 3.3 లక్షలు. ఆస్తి పన్ను, చిన్నాచితకా మరమ్మతులు తీసేస్తే మూడు లక్షలు మిగిలితే గొప్ప. మొదటి ఏడాది వడ్డీయే ఐదున్నర లక్షలు. అద్దె వడ్డీకే చాలడం లేదు, అసలు మాట దేవుడెరుగు. ప్రతి నెలా జీతంలోంచి 33 వేలు ఎదురు పెట్టాలి.

హనుమకొండలో 15 లక్షలు మాత్రం అప్పు చేసి, మిగతా ఏడు చేతి డబ్బు పెడితే 15 ఏళ్ల వాయిదా 14,300. అద్దె 15 వేలు. అప్పును అద్దెదారే తీరుస్తాడు. పైగా మీ దగ్గర ఇంకా 25 లక్షలు ఉంటాయి.

గచ్చిబౌలి_ఓనరు

మాస్టారూ, మీరు సగం లెక్కే చెప్పారు. ఆ 33 వేలలో 12 వేలు అసలులో జమ అవుతున్నాయి, అది ఖర్చు కాదు, పొదుపు. అద్దె ఏటా పెరుగుతుంది, వడ్డీ రేటు పెరగనంతవరకు వాయిదా పెరగదు. హైదరాబాదు పడమర వైపు ఫ్లాటు కొనేవాడు అద్దె కోసం కొనడు, ధర కోసం కొంటాడు. అద్దె అప్పు భారాన్ని కాస్త తగ్గించడానికే. హనుమకొండ అంతస్తుకు రేపు ధర పెరుగుతుందా? ఇటుక, సిమెంటు ఏటా పాతబడేవే. పెరిగేది స్థలం. ఆ స్థలం మీకు ఎలాగూ ఉంది, పైన అంతస్తు వేసినా వేయకపోయినా పెరుగుతుంది.

లెక్కల_మాస్టారు

ఒప్పుకుంటాను. అయితే ఎంత పెరగాలో కూడా చెప్పండి. వడ్డీలోంచి అద్దె పోగా ఏటా రెండున్నర లక్షల లోటు. ఫ్లాటులో ఇరుక్కున్న 32 లక్షలను బ్యాంకులో ఆరున్నర శాతానికి వేసుకుంటే మరో రెండు లక్షలు వచ్చేవి. రెండూ కలిపితే 95 లక్షల మీద దాదాపు ఐదు శాతం. అంటే మొదటి ఏళ్లలో ధర ఏటా ఐదు శాతం పెరిగితే మీరు ఉన్నచోటే ఉన్నట్టు, ఆ పైన పెరిగిందే లాభం. అందులోనూ అమ్మినప్పుడు పన్నెండున్నర శాతం మూలధన లాభాల పన్ను. ఫ్లాటులో మీ వాటాగా వచ్చే స్థలం 40, 50 గజాలకు మించదని కూడా గుర్తుంచుకోండి. మిగతాదంతా మీరన్న ఇటుకా సిమెంటే.

పన్ను మినహాయింపు మీద ఆశ ఉంటే అదీ వదులుకోండి. పాత పన్ను విధానంలో ఉంటేనే ఇంటి నష్టాన్ని, అంటే అద్దెను మించిన వడ్డీని, అదీ ఏడాదికి రెండు లక్షల వరకే, జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో వడ్డీ అద్దె మీదే చెల్లు, జీతం జోలికి రాదు.

డాలసు_తెలుగు

నాకు మణికొండలో ఫ్లాటు ఉంది కాబట్టి ఒక మాట. మీరు రేపు విదేశానికి వెళ్లే ఆలోచనలో ఉంటే, ప్రవాస యజమానికి అద్దె కట్టేవారు ప్రతి నెలా 30 శాతానికి పైగా పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. అద్దె ఎంత తక్కువైనా సరే. చాలామంది అద్దెదారులు ఆ తలనొప్పి మనకెందుకని వేరే ఇల్లు చూసుకుంటారు. రిటర్ను వేస్తే అదనంగా కోసింది తిరిగి వస్తుంది, కానీ అప్పటిదాకా వాయిదా మీరే కట్టుకోవాలి.

అమ్మమ్మ_ఇల్లు

అందరూ వడ్డీ దగ్గరే ఆగిపోయారు. అద్దెకివ్వడం అంటే ఏమిటో చేసిన వాళ్లకు తెలుస్తుంది. వరంగల్లో మా అత్తగారి ఇంట్లో మూడు పోర్షన్లు చూసేది నేనే.

మొదట పునాది చూపించండి. పాత ఇల్లు పిల్లర్ల మీద ఉందా, గోడల మీద నిలబడిందా? గోడల మీద ఉంటే పైన అంతస్తు మాట మరచిపోండి. పిల్లర్లయినా ఎన్ని అంతస్తులకు వేశారో ఇంజినీరు చూసి చెప్పాలి, మేస్త్రీ కాదు. అనుమతి పొందిన ప్లాను లేనిదే బ్యాంకు అప్పు ఇవ్వదు, ఇచ్చినా పని జరిగే కొద్దీ విడతలుగా ఇస్తుంది.

రెండోది, మెట్లు బయటి నుంచి పెట్టించండి. పోర్షనుకో కరెంటు మీటరు తప్పనిసరి. ఒకే మీటరు మీద అందరూ వాడితే యూనిట్లు పెరిగి పై స్లాబులో పడతారు, ఆ తేడా ఎవరు కట్టాలన్నదే ప్రతి నెలా పంచాయితీ. మోటారు ఎవరు వేయాలి, ట్యాంకు ఎవరు కడగాలి, బండి ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ ఒప్పందంలో రాయండి. పదకొండు నెలల ఒప్పందం ఎందుకు రాస్తారంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాలి కాబట్టి. అడ్వాన్సు రెండు నెలలు తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె పట్టుకుంటామని ముందే చెప్పండి, చివర్లో చెబితే గొడవే.

ఇంకొకటి. కులం అడిగి, కూర అడిగి ఇల్లిచ్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. మా పక్కింటి పెద్దాయన అలా వడపోసి వడపోసి నెలల తరబడి ఇల్లు ఖాళీగా పెట్టుకున్నారు. మంచి అద్దెదారు అంటే సమయానికి డబ్బిచ్చేవాడు, కుళాయి చెడితే చెప్పేవాడు.

రాత్రి పదింటికి నీళ్లు రావడం లేదని తలుపు తట్టేది మీ అమ్మగారి తలుపే, మీది కాదు. ఆవిడను అడిగారా?

వకీలు_కలం

ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న: ఇల్లు ఎవరి పేరున ఉంది? నాన్నగారి పేరున అయితే మీరు 22 లక్షలు పెట్టి కట్టిన అంతస్తు కూడా స్థలంతోపాటు ఆయనదే. ఆయన స్వార్జితమైతే, వీలునామా లేకుండా కాలం చేస్తే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. పిత్రార్జితమైనా ఆడపిల్లకు వాటా లేదనుకోకండి. మన దగ్గర 1980ల్లోనే వారసత్వ చట్టానికి సవరణ వచ్చింది, 2005లో దేశమంతటికీ వర్తించింది. పైకప్పు ఎవరు వేశారన్న రసీదులు చూపించి వాటా పెంచుకోవడం కోర్టులో ఏళ్ల పని. మీకు అక్కాచెల్లెళ్లు ఉన్నారా?

ఓరుగల్లు_వాసి

చెల్లెలు ఉంది, కరీంనగర్లో ఉంటుంది. ఇల్లు నాన్న పేరునే ఉంది, ఆయన సొంత సంపాదన.

వకీలు_కలం

అయితే మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు చెల్లెలితో మాట్లాడండి. నాన్నగారు ఇష్టపడితే పైభాగం మీకు గిఫ్టు డీడు రాసి రిజిస్టరు చేయించవచ్చు, లేదా వీలునామాలో స్పష్టంగా రాయవచ్చు. అదేదీ కుదరకపోతే అంతస్తు నాన్నగారి సొమ్ముగానే లెక్కేసుకుని, అద్దె కూడా ఆయన ఖాతాలోనే పడనివ్వండి. పెన్షను, అద్దె కలిపి 12 లక్షలు దాటకపోతే కొత్త విధానంలో ఆయనకు పన్ను కూడా పడదు. అప్పుడు అది మీ పెట్టుబడి కాదు, అమ్మానాన్నలకు రాబడి. అదీ మంచిదే, కానీ దాన్ని ఫ్లాటుతో పోల్చకండి.

గచ్చిబౌలి_ఓనరు

చూశారా, నేను చెప్పింది మరో దారిలో అక్కడికే వచ్చింది. ఫ్లాటు అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు, వద్దనుకున్న రోజు అమ్ముకోవచ్చు.

లెక్కల_మాస్టారు

అమ్ముకోవచ్చు, కొనేవాడు దొరికితే. నెలకు 33 వేలు ఎదురు పెడుతూ, ఉద్యోగం పోయిన నెలలో కూడా పెట్టగలిగితేనే ఆ స్వేచ్ఛ. ఓరుగల్లు_వాసి గారూ, వాయిదా ఆగకుండా కట్టడానికి ఆరు నెలల సొమ్ము, అంటే మూడున్నర లక్షలు, ఫ్లాటు కొన్నాక మీ దగ్గర ఉంటాయా? మీరిచ్చిన అంకెల ప్రకారం ఉండవు.

ఓరుగల్లు_వాసి

ఉండవు. ఫ్లాటు టోకెను ఇవ్వడం ఆపాను. వచ్చే ఆదివారం ఇంజినీరును తీసుకెళ్లి పిల్లర్లు చూపిస్తాను, చెల్లెలినీ రమ్మన్నాను. అమ్మను అడిగితే మెట్లు బయటి నుంచే పెట్టాలంది, మోటారు స్విచ్ మాత్రం తన వంటింట్లో ఉండాలట.