జీవితమంతా పొలం పని చేసిన మోకాళ్లకు మళ్లీ వ్యాయామమా?

పల్నాటి పిల్ల:
మా అమ్మకు అరవై దాటాయి. నాట్లు, కలుపు, మిరపకాయల కోత, అన్నీ చేసింది. ఇప్పుడు ఎక్స్‌రే చూసి మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు. ఒక డాక్టరు రెస్ట్ తీసుకోమన్నారు, మెట్లు ఎక్కొద్దన్నారు. ఇంకొకరు ఫిజియో దగ్గరకు పంపితే ఆవిడ రోజూ చేయమని వ్యాయామాలు నేర్పింది. మా అన్నయ్య మాత్రం ఒప్పుకోడు. "అరిగిన టైరును ఇంకా తిప్పితే ఏమవుతుంది? అయినా ఇన్నేళ్లు పొలంలో చేసింది వ్యాయామం కాదా?" అంటాడు. అమ్మ వాడి మాటే వింటుంది. మీరేమంటారు?

మిరపచేను:
మీ అన్నయ్య అన్నదాంట్లో తప్పేముందమ్మా? మా ఊళ్లో కష్టం చేసిన ఆడవాళ్లకే మోకాళ్లు పోయాయి. జిమ్ముకు వెళ్లేవాళ్లకు చెప్పే మాటలు కూలి పని చేసేవాళ్లకు చెబితే ఎలా?

ఒంగోలు ఫిజియో:
మిరపచేను గారూ, మీరు చూసింది నిజమే. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని చేసే పని, బరువులు మోసే పని మోకాళ్లకు చేటు చేస్తాయి. అందుకే పనినీ వ్యాయామాన్నీ ఒకే గాటన కట్టకూడదంటాను. పొలంలో ఎంత బరువు, ఎంతసేపు అన్నది మన చేతిలో ఉండదు. నొప్పి వచ్చినా సాలు పూర్తి కావాల్సిందే. వ్యాయామంలో కొద్దిగా మొదలుపెడతాం, కండరం తట్టుకున్నాక పెంచుతాం, మధ్యలో విశ్రాంతి ఇస్తాం.

ఇక టైరు సంగతి. గుజ్జు ప్రాణమున్న కణజాలం. దానిలో రక్తనాళాలు లేవు, పోషణ కీలులోని ద్రవం నుంచే అందాలి. కాలు మీద బరువు పడుతూ తీస్తూ ఉంటేనే ఆ ద్రవం గుజ్జులోకి వెళ్లి వస్తుంది. అరిగిన గుజ్జు వ్యాయామంతో మళ్లీ పెరగదు, అలా పెంచుతామని ఎవరైనా చెబితే నమ్మకండి. తొడ ముందు కండరం మాత్రం బలపడుతుంది. నొప్పికి భయపడి కదలకపోతే ముందు సన్నబడేది ఆ కండరమే. అది నీరసిస్తే కుర్చీలోంచి లేవడమూ కష్టమవుతుంది, పడిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

మొదట్లో పెద్దగా ఏమీ ఉండదు. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి కిందికి నొక్కి అయిదు సెకన్లు ఉంచడం. పడుకుని కాలు వంచకుండా పైకెత్తడం. ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. వీటిని వారాల తరబడి చేయాలి. నాలుగు రోజులు చేసి తగ్గలేదంటే కుదరదు.

లెక్కల మాస్టారు:
ఫిజియో గారు చెప్పింది సగమే. 2024లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు మోకాలి అరుగుదలకు వ్యాయామంపై జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. వ్యాయామంతో నొప్పి కొంత తగ్గుతుంది కానీ ఆ తేడా రోగికి తెలిసేంత ఉందా అన్నది అనుమానమేనని తేల్చారు. డెన్మార్క్‌లో 100 మందితో చేసి 2015లో ప్రచురించిన పరీక్ష చూడండి. అందరికీ వ్యాయామం, బరువు తగ్గే సలహాలు వగైరా ఇచ్చారు. సగం మందికి అదనంగా మోకాలు మార్చారు. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారు. బాగా అరిగినవాళ్లను వ్యాయామం పేరుతో ఏళ్లు లాగడం నాకు న్యాయంగా అనిపించదు.

ఒంగోలు ఫిజియో:
మాస్టారూ, అదే పరీక్షలో మిగతా సగం కూడా చెప్పండి. తీవ్రమైన ఇబ్బందులు ఆపరేషన్ అయినవాళ్లలోనే ఎక్కువ. ఆపరేషన్ లేని గుంపులో మొదటి ఏడాది మోకాలు మార్పించుకున్నది నాలుగో వంతు మందే. ఆపరేషన్ వద్దని నేననలేదు. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉండి, వ్యాయామం, మందులు, బరువు తగ్గడం ఇవన్నీ సరిగా చేసినా నడవలేకపోతే సర్జన్‌ను కలవాల్సిందే.

కరెంటు బాధితుడు:
అసలు వ్యాయామం నేర్పేదెవరండీ? నేను వెళ్లిన చోట రోజూ పడుకోబెట్టి కరెంటు పెట్టడం, కాపడం పెట్టడం, డబ్బులు తీసుకోవడం. అక్కడున్నంతసేపు హాయిగానే ఉంటుంది. బస్సెక్కేసరికి నొప్పి మామూలే. ఒక్క వ్యాయామం చేయించలేదు.

ఒంగోలు ఫిజియో:
మా వృత్తిలో నాకు నచ్చనిది అదేనండి. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కీళ్ల అరుగుదలకు కరెంటు, అల్ట్రాసౌండ్ చికిత్సలు వద్దనే రాసింది, లాభానికి తగిన ఆధారం లేదని. వ్యాయామాన్ని మాత్రం అందరికీ చెప్పమంది. మెషీన్ మీద పడుకోబెడితే ఒక్కరే నలుగురిని చూడొచ్చు. వ్యాయామం చేయించాలంటే పక్కన నిలబడాలి, అదే తేడా.

పల్నాటి పిల్ల:
అమ్మను ఎలాగో ఒప్పించాను. కానీ మొదలుపెట్టగానే నొప్పి పెరిగిందని మానేసింది. అన్నయ్య "చెప్పానా" అంటున్నాడు.

ఒంగోలు ఫిజియో:
మొదట్లో కొంత పెరగడం మామూలేనమ్మా, ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. చేసేటప్పుడు ఓర్చుకోగలిగినంత నొప్పి ఉండి, మర్నాటికి మామూలైతే కొనసాగించవచ్చు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి. మోకాలు వాచి ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పిగా ఉన్నా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి.

మిరపచేను:
ఇంట్లో టవల్ నొక్కి, పొద్దున్నే మళ్లీ పొలంలో గొంతుక్కూర్చుంటే ఏం లాభం? ఆవిడ కూలి మానుతుందా, ముందది చెప్పండి.

పల్నాటి పిల్ల:
మానదు. ఇంకో రెండేళ్లు వెళ్తానంటోంది.

ఒంగోలు ఫిజియో:
పూర్తిగా మానక్కర్లేదు. నిలబడి చేసే పని అడగమనండి. కలుపుకు పొడవాటి పిడి ఉన్న పనిముట్లు, తోసే వీడర్లు దొరుకుతున్నాయి. గొంతుక్కూర్చోవడం తప్పకపోతే మధ్య మధ్య లేచి నాలుగడుగులు వేయమనండి.

పల్నాటి పిల్ల:
లేచి నడిస్తే సాలులో వెనకబడుతుంది, ముఠా మేస్త్రి ఊరుకోదు. వీడర్ సంగతి రైతునే అడుగుతాను. అన్నయ్య కొంటాడేమో కూడా చూడాలి.