అంతోనివారి తేరు పేటలోకి వెళ్ళాలా, గుడి ఆవరణలోనే తిరగాలా? విచారణ పండుగ గురించి సలహా కావాలి

ప్రశ్న (గుంటూరు శివారు, పండుగ కమిటీ కార్యదర్శి)

పెద్దలందరికీ నమస్కారం. గుంటూరు శివారులో ఉన్న మా విచారణకు, అంటే ఒక గురువు చూసుకునే కథోలిక సంఘానికి, పాలకులు (మా గుడికి పేరిచ్చిన పునీతులు) ఇటలీలోని పదువాపురి పునీత అంతోనివారు. జూన్ 4న జెండా ఎత్తి, తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు చేసి, 13న పండుగ పూజ, ఆ సాయంత్రం తేరు ప్రదక్షిణ జరుపుకోవడం మా తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఈ ఏడాది కమిటీకి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. పనికి వెనుదీసేవాణ్ణి కాను గానీ, మొదటి సమావేశంలోనే మూడు విషయాల దగ్గర మాట తెగలేదు.

అన్నిటికంటే బరువైనది తేరు దారి. ఇన్నేళ్ళూ తేరు గుడి దగ్గర బయలుదేరి, బజారు మీదుగా కాలువ వంతెన దాటి, పేటంతా తిరిగి, రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ గుడికి చేరేది. గత పదేళ్ళలో గుడి చుట్టూ కాలనీలూ అపార్ట్‌మెంట్లూ వచ్చాయి, కొత్త కుటుంబాలు చేరాయి, చందాలూ పెరిగాయి. ఇప్పుడు కమిటీలో సగం మంది, రోడ్డు మీద బండ్ల రద్దీ ఎక్కువైందనీ, పేట సందులు ఇరుకనీ, కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయనీ చెప్పి, ప్రదక్షిణను ఆవరణలోనే మూడు చుట్లతో ముగిద్దామంటున్నారు. వాళ్ళు చెప్పిన కారణాలు అబద్ధాలు కావు. అయితే పేటలో ఉన్నవి దళిత కుటుంబాలు; ఇప్పుడు గుడి ఉన్న చోట మొదట తాటాకు పందిరి వేసి జపమాల చెప్పించుకున్నది వాళ్ళ తాతలే. సమావేశంలో కులం పేరు ఎవరూ ఎత్తలేదు. కానీ వెనక బెంచీలో కూర్చున్న పేట పెద్ద ఒకాయన, ఆ మాట వినగానే ఒళ్ళో ఉన్న తువ్వాలు మడిచి భుజాన వేసుకొని, ఒక్క మాటైనా అనకుండా లేచి వెళ్ళిపోయిన తీరు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

రెండోది భోజనం. ఒకప్పుడు అందరూ బంతిన కూర్చొని తినేవాళ్ళు. మూడేళ్ళుగా బిర్యానీ ప్యాకెట్లు పంచుతున్నాం, మిగిలిన డబ్బు లైటింగుకూ ఆర్కెస్ట్రాకూ పోతోంది. మూడోది తేదీ: ఉద్యోగస్తుల కోసం పండుగను దగ్గరలోని ఆదివారానికి మార్చవచ్చునా? మీ విచారణల్లో ఈ విషయాలు ఎలా తేల్చుకున్నారో దయచేసి చెప్పండి.

జవాబు 1 (విజయవాడ, విశ్రాంత ఉపదేశి, అంటే విచారణలో మతబోధ చేసినవారు)

బాబూ, ముందు తేదీ సంగతి చెబుతాను, అది తేలిక. దేవాలయం ఏ పునీతుల పేరు మీద ఉందో ఆ పండుగ ఆ దేవాలయంలో పండుగలన్నిటిలోకీ పై మెట్టైన మహోత్సవ స్థాయిలో జరుగుతుంది. లోకమంతటా జూన్ 13 అంతోనివారి స్మరణ (కింది మెట్టు పండుగ) మాత్రమే అయినా, మీ గుడిలో మాత్రం మహోత్సవం. ఆ స్థాయి ఉండబట్టే, ప్రజల మేలు కోరి దాన్ని సామాన్య కాలపు (ఆగమన, క్రిస్మస్, తపస్సు, ఈస్టరు కాలాలు కాని రోజుల) ఆదివారానికి మార్చుకునే వీలు ఉంది. అయితే జూన్‌లో ఒక చిక్కు ఉన్నది. కొన్ని సంవత్సరాల్లో ఆ దగ్గరి ఆదివారం త్రియేక సర్వేశ్వరుని మహోత్సవమో, దివ్యసత్ప్రసాద మహోత్సవమో అవుతుంది. వాటిని పక్కకు నెట్టి ఆ రోజు పాలకుల పండుగ పెట్టకూడదు. కాబట్టి క్యాలెండరు ముందు పెట్టుకొని విచారణ గురువుల దగ్గర తేల్చుకోండి. ఇంకొక మాట: 13వ తేదీ శుక్రవారం పడిందంటే ఆ రోజు మాంసం వండవచ్చునా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. మహోత్సవం శుక్రవారం వస్తే మాంసవర్జన నియమం వర్తించదని 1983 నాటి శ్రీసభ (ప్రపంచ కథోలిక సంఘం) ధర్మశాస్త్రం, 1251వ నియమంలో స్పష్టంగా ఉంది.

ఇక తేరు. నేను చాలా ఏళ్ళు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ మెట్ల దగ్గర స్వచ్ఛంద సేవ చేశాను. 1924లో కథోలిక గురువు అర్లాటి స్వామివారు అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన నాటి నుంచి జనం తమ ఊళ్ళలో బయలుదేరి, కాళ్ళు బొబ్బలెక్కేలా నడిచి, తలనీలాలిచ్చి, మెట్టుమెట్టుకూ కొవ్వొత్తి వెలిగిస్తూ అమ్మ దగ్గరకు వెళుతున్నారు. కొండ మీద అమ్మ ఉన్నది గనుక అందరూ ఆ మెట్లే ఎక్కుతారు, ముందెవరు వెనకెవరు అని అక్కడ అడిగేవారు లేరు. విచారణ పండుగ రీతి వేరు. అక్కడ మనం పుణ్యక్షేత్రానికి వెళతాం, ఇక్కడ పునీతుడు మన వీధికి వస్తాడు. మంచం పట్టిన ముసలమ్మ, బాలింత, కాళ్ళు లేని మనిషి తమ గడపలో కూర్చొని ఆయనకు నమస్కరించుకునే రోజు ఏడాదికి అదొక్కటే. ఆవరణలో మూడు చుట్లు తిప్పితే, నడిచి రాగలిగిన వాళ్ళకే ఆయన దర్శనం దొరుకుతుంది.

మీ పాలకుడు ఎవరో కూడా కమిటీలో ఒకసారి చదివి వినిపించండి. అంతోనివారు 1231 జూన్ 13న చనిపోయారు, ఏడాది తిరక్కముందే 1232 మే 30న పునీతుడని ప్రకటించారు. చనిపోయిన ఆ సంవత్సరమే, ఉన్న ఆస్తినంతా అప్పగించిన తరువాత కూడా అప్పు తీరని పేదవాణ్ణి చెరసాలలో వేయకూడదని పదువా నగరం చట్టం చేసిందంటే, అది ఆయన పట్టుబట్టి అడిగినందువల్లనే. భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసింది. శ్రీసభ లోపల వివక్ష పాపమని మన పీఠాధిపతులే చెబుతున్నప్పుడు, కులం మాట ఎత్తకుండానే దారి మార్చేసే పద్ధతిని మీరు ఒప్పుకోవద్దు. లేచి వెళ్ళిపోయిన ఆ పెద్దాయన ఇంటికి ముందు మీరే వెళ్ళి రండి. ఫోను చేయడం చాలదు.

జవాబు 2 (గుంటూరు, మరియమాత భక్తుల సంఘమైన మరియదళం సభ్యురాలు)

తమ్ముడూ, భోజనం సంగతి నేను చెబుతాను. మా విచారణలో కూడా నాలుగేళ్ళు ప్యాకెట్లే నడిచాయి. పూజ ముగియగానే జనం ప్యాకెట్టు చేతబట్టుకొని ఎవరి బండి వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయేవారు. పావుగంటలో ఆవరణ ఖాళీ అయ్యేది, మిగిలేది ఖాళీ డబ్బాలూ కుక్కలూ. పండుగ నాడు ఒకరి పక్కన ఒకరు కూర్చోకపోతే ఇక ఎప్పుడు కూర్చుంటారని మా మరియదళం అక్కలందరం గురువుల దగ్గరకు వెళ్ళి, వంట మేము చేస్తామని మాట ఇచ్చాము.

లెక్క ఇదీ. పాతిక కిలోల బస్తా బియ్యం, రెండు కూరలతో పెడితే, సుమారు నూట డెబ్బై మందికి వస్తుంది. మేము బియ్యం కొనము. నవదినాల్లో ఒక్కొక్క రోజు ఒక్కొక్క వీధి వంతు. ఆ వీధివాళ్ళు ఆ సాయంత్రం కానుకల సమర్పణలో తలా ఒక డబ్బా బియ్యం తెచ్చి పీఠం ముందు పెడతారు. పేటవాళ్ళ డబ్బా, కాలనీవాళ్ళ డబ్బా ఆ గోతాంలోనే పడతాయి. తొమ్మిదో రోజుకు ఏది ఎవరి బియ్యమో ఎవరూ చెప్పలేరు, అన్నం మాత్రం రెండు రకాల బియ్యం కలిసి కొంచెం పలుకుగా ఉంటుంది. గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కించేది తెల్లవారుజామున నాలుగింటికి. పప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, మజ్జిగ. జూన్ ఎండలో మజ్జిగే ముందు అయిపోతుంది, దాన్ని రెట్టింపు పెట్టుకోండి. వడ్డన ఏ వీధివాళ్ళు ఏ బంతికి చేయాలో చీటీలు తీస్తాము. వడ్డించే గరిటె ఎవరి చేతిలో ఉన్నదనేది చిన్న విషయమని అనుకోకండి. మొదటి ఏడాది ఒకరిద్దరు ఆకు ముందు కూర్చోకుండా నిలబడి తిని వెళ్ళారు, మేము చూసీ ఏమీ అనలేదు. మరుసటి ఏడు వాళ్ళ పిల్లలే నీళ్ళ బిందెలు మోశారు.

అంతోనివారి రొట్టె ఆచారం మీకు ఉందా? నీళ్ళలో పడి చనిపోయిన బిడ్డ బ్రతికితే, బిడ్డ బరువుకు సరితూగే ధాన్యం పేదలకు పంచుతానని పదువాలో ఒక తల్లి మొక్కుకున్నదని చెబుతారు, ఆ మొక్కు నుంచి వచ్చిన ఆచారమిది. మంగళవారం నాడు రొట్టెలు దీవించి పంచడం మీ దగ్గర లేకపోతే ఈ పండుగతోనే మొదలుపెట్టండి.

జవాబు 3 (గుంటూరు, పదిహేనేళ్ళుగా తేరు పని చూస్తున్న వ్యక్తి)

తీగలు, రద్దీ అన్నవి నిజమైన ఇబ్బందులే గనుక వాటికి పనితోనే సమాధానం చెప్పాలి. పోలీసు స్టేషనులో దరఖాస్తు కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. దారి పటం గీసి, ఏ కూడలికి ఎన్ని గంటలకు చేరుతుందో రాసి జత చేస్తే వాళ్ళకూ పని సులువవుతుంది. విద్యుత్తు సబ్‌స్టేషనుకు విడిగా ఒక అర్జీ పెట్టి, తేరు పేటలో ఉన్నంతసేపు ఆ లైనులో సరఫరా ఆపమని అడగండి. కరెంటు పోయినప్పుడు పేటవాళ్ళు ప్రతి గుమ్మంలో దీపం పెట్టుకుంటారు గనుక, నిజానికి తేరు అందం అప్పుడే కనిపిస్తుంది. కేబులు తీగలు ఎత్తడానికి పంగలకర్ర పట్టుకున్న మనుషులు ఇద్దరు తేరుకు పది అడుగులు ముందు నడవాలి. కరెంటు తీగను మాత్రం, సరఫరా ఆపారని చెప్పినా సరే, కర్రతో ముట్టుకోనివ్వకండి. స్వరూపం మీది కిరీటంతో కలిపి తేరు ఎత్తు కొలిచి, దారిలో అన్నిటికంటే కిందికి ఉన్న తీగ ఎత్తుతో ముందే పోల్చుకోవాలి. మేము ఒక ఏడు పై గొడుగు తీసేసి, పూలతో చిన్న తోరణం కట్టాము, ఎవరికీ లోటుగా అనిపించలేదు.

ఆర్కెస్ట్రా గురించి: శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా మైకు వాడకూడదు, పగలు వాడాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది గానీ, అది ఏడాదికి పదిహేను రోజులకు మించదు, దానంతటది రాదు. పదింటికి ఆపేయవలసిన కచేరీకి చందాల్లో సగం పెట్టడం సబబేనా అన్నది మీ విచారణ ఆర్థిక మండలిలో అడగండి. ప్రతి విచారణకూ ఆ మండలి ఉండి తీరాలని ధర్మశాస్త్రం 537వ నియమం. పండుగ ఖర్చు కూడా వాళ్ళ ముందుకు రావాలి, లెక్క గుడి తలుపు మీద అంటించాలి.

జవాబు 4 (గుంటూరు, కాలనీ నివాసి)

నేను అలాంటి కాలనీలోనే ఉంటాను గనుక ఒక మాట చెప్పక తప్పదు. ఆవరణలో చాలు అన్నవాళ్ళందరి మనసులో కులమే ఉన్నదని అనుకోకండి. మా అమ్మగారికి ఎనభై దాటాయి, మూడు గంటలు నడవలేరు. కొత్తగా వచ్చిన మాలాంటి వాళ్ళకు పేటలో ఒక్క ఇల్లు కూడా తెలియదు, తెలియనందువల్లనే జంకు. మా కాలనీ వీధి కూడా ఇంతవరకు తేరు దారిలో లేదు. దాన్ని కలపండి, పేటనూ ఉంచండి, నడక తగ్గించడానికి బజారు చుట్టు తీసేయండి. బజారులో మనవాళ్ళ ఇళ్ళు ఎన్ని ఉన్నాయి?

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. ఉపదేశి గారు చెప్పినట్టు నిన్న సాయంత్రం పేట పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన తేరు సంగతి ఎత్తలేదు. లోపలి నుంచి రేకు పెట్టె తెచ్చి, వాళ్ళ నాన్నగారి నాటి జెండా గుడ్డ చూపించారు. నీలం రంగు వెలిసిపోయి, అంచున చేతికుట్టుతో మూడు చోట్ల అతుకులు ఉన్నాయి. ఈ ఏడాది జెండా ఎత్తేటప్పుడు దాన్ని కొత్త జెండా కింద కడదామా అని నేను అడిగితే, "గుడ్డ ఆగుతుందో లేదో చూసుకో బాబూ" అన్నారు.

ఆదివారం పూజ తరువాత కమిటీ మళ్ళీ కూర్చుంది. బజారు చుట్టు తీసేసి, కాలనీ వీధిని కలిపి, వంతెన మీదుగా పేటకు వెళ్ళి రావడానికి ఇద్దరు తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆర్కెస్ట్రా మీద మాట ఇంకా తెగలేదు, యువకులు అలిగి ఉన్నారు. వాళ్ళతో గురువులే మాట్లాడతామన్నారు. తేదీ 13నే ఉంచాము. బియ్యం డబ్బాల పద్ధతికి మొదటి రోజు వంతు కాలనీవాళ్ళే అడిగి తీసుకున్నారు. ఈ ఉదయం టేపు పట్టుకొని వంతెన కొలిచాము: పిట్టగోడల మధ్య తేరు ఇరుసుకు రెండు పక్కలా జానెడు చొప్పున మిగులుతోంది. ఎడమ చక్రం ఇరుసు కొంచెం వంకరపోయి ఉన్నది గనుక, రేపు వడ్రంగిని పిలిపిస్తున్నాము.