వైబ్రాఫోన్, గిటార్ రెండే ఉంటే పాట ఎట్లా నిలబడుతుంది?

నెల్లూరు గిటార్:

అందరికీ నమస్తే. నేను నెల్లూరులో ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయిస్తుంటాను. పెళ్లి రిసెప్షన్లు, తిరనాళ్లు, డిసెంబర్ వస్తే చర్చి ప్రోగ్రాములు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోవడమే. ఒంగోలులో కీబోర్డ్ వాయించే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడికి జాజ్ పిచ్చి. నాకూ అంటించాడు. గ్యారీ బర్టన్ వైబ్రాఫోన్, రాల్ఫ్ టౌనర్ గిటార్, ఇద్దరే కూర్చుని 1974లో రికార్డ్ చేసిన 'మ్యాచ్‌బుక్' అనే ఆల్బమ్ పంపాడు. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, తబలా లేదు, అయినా ఎక్కడా బోసిగా అనిపించదు. పైగా కొన్నిచోట్ల ఏది గిటారో ఏది వైబ్సో తేల్చుకోవడానికి వెనక్కి పెట్టి మళ్లీ వినాల్సి వస్తోంది.

తెలియని వాళ్ల కోసం: వైబ్రాఫోన్ అంటే పియానో మెట్ల వరసలో పేర్చిన అల్యూమినియం పట్టీలు, వాటి కింద గొట్టాలు, కాలి దగ్గర పెడల్. మ్యాలెట్లతో, అంటే చివర గుండ్రటి తల ఉన్న పుల్లలతో కొడతారు. మన వైపు అసలు వాయిద్యం ఎక్కడ దొరుకుతుంది, అందుకే మావాడు కీబోర్డులో వైబ్స్ టోన్ పెడతాడు, నేను గిటార్ పట్టుకుంటాను. ఇద్దరం కార్డ్స్ వాయిస్తే ఒకటే గజిబిజి. వాడు సోలో వాయిస్తుంటే నేను రిథమ్ కొడితే, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించేవాడు టీ తాగడానికి పోయిన ఆర్కెస్ట్రా లాగా ఉంటోంది.

మావాడేమో "అదంతా వాళ్లిద్దరి కెమిస్ట్రీ, ఏళ్ల తరబడి కలిసి వాయిస్తే గానీ రాదు" అంటాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. లోపల ఏదో పద్ధతి ఉండే ఉంటుంది. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. "ఫీల్ ఉండాలి బ్రో" అని మాత్రం ఎవరూ రాయొద్దు, దండం పెడతా.

కావలి తీగలు:

ఫీల్ సంగతి వద్దన్నావు కాబట్టి లెక్కలతోనే మొదలుపెడతా తమ్ముడూ.

మామూలు వైబ్రాఫోన్‌కి 3 ఆక్టేవులు, 37 పట్టీలు. అన్నిటికన్నా కింది స్వరం మిడిల్ సి కంటే కింద ఉండే ఎఫ్, సుమారు 175 హెర్ట్జ్. పైన చివరిది 1,397 దాకా పోతుంది. ఇప్పుడు నీ గిటార్ చూడు. ఆరో తీగ ఓపెన్‌గా మీటితే 82 హెర్ట్జ్. ఆ 175 ఎక్కడొస్తుందంటే నాలుగో తీగ మూడో ఫ్రెట్ దగ్గర. అంటే దానికి కింద నువ్వు ఏం వాయించినా వైబ్స్ అక్కడికి రాలేదు, బేస్ పని చెయ్యగలిగింది నువ్వొక్కడివే. ఒకటో తీగ పన్నెండో ఫ్రెట్ 659, దాని పైన దాదాపు అంతా అవతలివాడిదే. గొడవంతా మధ్యలో. మీ గజిబిజి కచ్చితంగా అక్కడే పుడుతోంది, ఎందుకంటే మన ఆర్కెస్ట్రా గిటారిస్టులందరికీ బారే కార్డ్ (చూపుడువేలు తీగల మీద అడ్డంగా పరిచేది) పట్టి ఆరు తీగలూ ఊడ్చేసే అలవాటు ఉంటుంది. డ్రమ్స్, బేస్, రెండు కీబోర్డులు ఉన్నప్పుడు అట్లా కొట్టకపోతే మనం వినపడం మరి. ఇద్దరే ఉన్నప్పుడు అదే అలవాటు కొంప ముంచుతుంది.

జి మేజర్ అనుకో. ఆరో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ నాలుగో ఫ్రెట్, ఈ రెండు స్వరాలే వేళ్లతో మీటి చూడు. అది మేజర్ కార్డని చెప్పడానికి అవి చాలు. మిగతా రంగులు, సెవెంత్, నైన్త్, ఇంకా పైవి, చేతికి రెండేసి, మొత్తం నాలుగు మ్యాలెట్లు పట్టుకునే వైబ్స్‌వాడు చూసుకుంటాడు. నువ్వు కూడా అవే వాయించావంటే ఇద్దరూ ఒకే సంగతి చెబుతూ ఒకరి మీద ఒకరు అరిచినట్టు ఉంటుంది.

ఇంకొకటి, ప్లెక్ట్రమ్ పక్కన పెట్టు. టౌనర్ ఆ ఆల్బమ్‌లో నైలాన్ తీగల క్లాసికల్ గిటార్, 12 తీగల గిటార్ వాయించాడు. బొటనవేలు కింద ఒక గొంతు నడుపుతుంటే మిగతా వేళ్లు పైన ఇంకో గొంతు నడుపుతాయి. అదే ఆల్బమ్‌లో జాజ్ బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ రాసిన 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్' ఉంది చూడు, దాన్ని ఒక్క గిటార్ మీదే దృష్టి పెట్టి వింటే అతను ఎన్ని స్వరాలు వదిలేస్తున్నాడో అర్థమవుతుంది.

నిప్పో:

ఇంత కష్టం ఎందుకు అన్నా, లూపర్ పెడల్ (వాయించిన ముక్కని రికార్డ్ చేసి తిప్పితిప్పి వినిపించేది) కొని బేస్ లూప్ వేసుకోండి, పైన ఇద్దరూ హాయిగా సోలోలు వాయించుకోవచ్చు.

కావలి తీగలు:

లూపర్ పెడితే టైమ్ దాని చేతిలోకి పోతుంది నిప్పో గారూ. మనసైనచోట కాస్త లాగడం, కాస్త తోయడం ఉండదిక. అతను అడిగిందే ఆ ఇద్దరి మధ్య జరిగేది కదా.

కరవది కుర్రోడు:

మాది ఒంగోలు పక్కన కరవది, షేక్ చిన మౌలానా గారు పుట్టిన ఊరు. నాదస్వరం చెవిలో పడుతూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ ప్రశ్న ఇంకో వైపు నుంచి కనిపిస్తోంది.

నాదస్వరంలో ఊపిరి ఉన్నంతసేపూ స్వరం నిలబడుతుంది. పక్కన ఒత్తు శ్రుతిని పట్టుకుని ఉంటుంది. ఈ జోడీలో అట్లా నిలబెట్టే దిక్కు లేదు. పట్టీని కొట్టినా, తీగని మీటినా శబ్దం పుట్టిన క్షణం నుంచే తగ్గడం మొదలు. అందుకని ప్రతి స్వరానికీ ఒక మొదలు, ఒక తోక. నైలాన్ తీగకి మొదలు బాగుంటుంది, గోరు తగిలిన చప్పుడు కూడా అందులోనే ఉంటుంది, తోక మాత్రం పొట్టి. వైబ్స్‌కి పెడల్ తొక్కి ఉంచితే కింది పట్టీలు చాలా సెకన్లు మోగుతాయి. ఇద్దరూ ఒకే పల్లవిని ఒకే స్వరాల మీద కలిసి వాయించినప్పుడు ఏమవుతుందంటే మొదలు గిటార్‌ది వినపడుతుంది, తోక వైబ్స్‌ది వినపడుతుంది, మన చెవి ఆ రెంటినీ అతికించి మూడో వాయిద్యం ఏదో ఉందనుకుంటుంది. మీరు వెనక్కి పెట్టి మళ్లీ వింటున్నారే, ఆ చోట్లు ఇవే అయ్యుంటాయి.

దీనికి వాయిద్యం తయారీలోనే ఒక కారణం ఉంది. తీగలో మూల స్వరంతో పాటు రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇట్లా వరసగా పై స్వరాలన్నీ ఉంటాయి. వైబ్రాఫోన్ పట్టీని అడుగున వంపుగా చెక్కి, దాని మొదటి పై స్వరం సరిగ్గా నాలుగు రెట్ల దగ్గర, అంటే రెండు ఆక్టేవుల పైన పడేలా శ్రుతి చేస్తారు. కింద గొట్టం మూల స్వరాన్నే పెంచుతుంది. కాబట్టి వైబ్స్ శబ్దంలో ఉన్న ముఖ్యమైన భాగాలు రెండూ గిటార్ తీగలో ముందే ఉన్నవే. ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. అదే సాక్సఫోన్, గిటార్ కలిపి ఎంత బాగా వాయించినా రెండూ రెండుగానే వినపడతాయి.

బర్టన్ ఇంకో పని చేస్తాడు, మోటార్ ఆపేస్తాడు. వైబ్రాఫోన్‌లో గొట్టాల పైన తిరిగే బిళ్లలుంటాయి, మోటార్ వాటిని తిప్పితే శబ్దం పెద్దదీ చిన్నదీ అవుతూ ఊగుతుంది. పాత సినిమా పాటల్లో కలలోకి జారిపోయే సీన్లకి వాడేవాళ్లే, ఆ ఊపు. మిల్ట్ జాక్సన్ అనే వైబ్స్ ఆయన దాన్ని బాగా నెమ్మదిగా తిప్పించి బ్లూస్ పలికించాడు, అది నాకూ చాలా ఇష్టం. కానీ తిన్నగా మోగే గిటార్ తీగ పక్కన ఊగే స్వరం పెడితే అతుకు కుదరదు. బర్టన్ కంటే చాలా ముందు రెడ్ నార్వో అనే ఇంకో వైబ్స్ ఆయన కూడా మోటార్ లేకుండానే వాయించాడు. 1950 ప్రాంతంలో ఆయన ట్రియోలో గిటార్ టాల్ ఫార్లో, బేస్ మింగస్. డ్రమ్స్ లేవు కాబట్టి ఫార్లో గిటార్ మీద వేళ్లతో తట్టి డ్రమ్ముల చప్పుడు తెప్పించేవాడు. మీకు ఇది పనికొచ్చే కిటుకే.

బుచ్చి రాగాలు:

పై ఇద్దరూ చెప్పింది బాగుంది గానీ మీ ఒంగోలు ఫ్రెండ్‌ని మరీ తీసిపారేయకండి, ఆయన మాటలో సగం నిజం ఉంది. ఏళ్లు కావాలి. కాకపోతే ఆ ఇద్దరే కలిసి గడిపిన ఏళ్లు కాదు. బర్టన్ గిటారిస్టుల పక్కన గడిపిన ఏళ్లు.

ఆయన 1943లో పుట్టాడు. 1960లో, పదిహేడేళ్లప్పుడే, నాష్‌విల్‌లో హ్యాంక్ గార్లండ్ అనే గిటారిస్ట్ జాజ్ రికార్డింగ్‌లో వాయించాడు. 1967లో సొంత క్వార్టెట్ పెట్టినప్పుడు పియానో బదులు లారీ కోరియెల్ గిటార్ పెట్టుకున్నాడు. 1974లో పాట్ మెథీనీ అనే కుర్రాడు వచ్చి చేరాడు. అప్పటికే ఆ బ్యాండులో మిక్ గుడ్రిక్ గిటార్ వాయిస్తున్నాడు, అందుకని మెథీనీ 12 తీగల ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడు. ఒకే బ్యాండులో వైబ్స్, దానికి తోడు రెండు గిటార్లు, అయినా తొక్కిసలాట లేదు! 2004లో వచ్చిన 'జనరేషన్స్'లో జూలియన్ లాజ్ గిటార్, అప్పటికి ఇంకా టీనేజ్ కుర్రాడు. ఇన్ని రకాల గిటార్ల పక్కన వాయించిన మనిషికి ఎప్పుడు పక్కకి తప్పుకోవాలో చేతులకే తెలిసిపోతుంది. చిక్ కొరియా పియానోతో బర్టన్ వాయించిన జోడీ కూడా వినండి, అక్కడ ఆయన ఇంకా ధైర్యంగా కొడతాడు, ఎందుకంటే పియానో తట్టుకుంటుంది. నైలాన్ గిటార్ దగ్గర అంత గట్టిగా కొడితే అది అసలు వినపడదు. కాబట్టి ముందు మీ ఫ్రెండ్‌ని వాల్యూమ్ తగ్గించమనండి, మీరు పెంచుకోవడం కాదు.

ఒంగోలు పెడల్:

కీబోర్డ్ వాయించేవాడిగా ఒక మాట. అన్నా, సగం గజిబిజి మీ ఫ్రెండ్ కుడికాలి దగ్గర ఉంది.

బర్టన్ పెడల్ తొక్కి ఉంచినా, అక్కర్లేని స్వరాన్ని మ్యాలెట్ తలతో తాకి ఆపేస్తాడు. ఒక స్వరం కొడుతూనే ఇంకో స్వరం నోరు మూయిస్తాడు. అందుకే అన్ని స్వరాలు మోగుతున్నా చిక్కుపడదు. కీబోర్డులో సస్టెయిన్ తొక్కామంటే అన్నీ మోగుతాయి, ఒక్కదాన్ని విడిగా ఆపే దారి లేదు. అందుకని పెడల్ అసలు వాడొద్దు. నిలవాల్సిన స్వరాన్ని వేలితోనే నొక్కి పట్టుకోవాలి, వద్దనుకున్నప్పుడు వేలు తియ్యాలి. మొదట్లో చేతులు పీకుతాయి.

రెండోది, చేతికి రెండు వేళ్లే. మొత్తం నాలుగు, నాలుగు మ్యాలెట్ల లెక్క. పది వేళ్లతో వాయిస్తే టోన్ ఏదైనా వచ్చేది పియానో ఆలోచనే. కావలి అన్న చెప్పిన ఎఫ్ దాటి కిందికి పోకూడదు. టోన్‌లో ట్రెమొలో ఆపేయాలి, కొన్ని కీబోర్డుల్లో ఆ ఊపు శాంపిల్‌లోనే కలిసిపోయి ఉంటుంది, ఏం చేసినా పోదు, అప్పుడు వేరే టోన్ వెతుక్కోవడమే. నేనైతే రివెర్బ్ కూడా తీసేస్తా, దాంట్లో ముంచితే ఎవరు వాయించినా బాగున్నట్టే ఉంటుంది.

నెల్లూరు గిటార్:

అబ్బ, ఇంత సరుకు వస్తుందనుకోలేదు. ఆ రెండు స్వరాల జి కార్డ్ ఇప్పుడే పట్టి చూశా కావలి అన్నా, చాలా ఖాళీగా ఉన్నట్టుంది గానీ మావాడికి ఫోన్లో వినిపిస్తే వాడే దాని మీద ఏదో పాడటం మొదలెట్టాడు. ఒక డౌట్ మిగిలింది. టైమ్ ఎవరు పట్టాలి? వాడు సోలోలో ఉన్నప్పుడు నేను రిథమ్ కొట్టకపోతే ఇద్దరం చెరో దారి పడుతున్నాం. ఇంకా, ఏ పాటతో మొదలుపెట్టమంటారు? వాడు 'ఐకరస్' వాయిద్దాం అంటున్నాడు.

కావలి తీగలు:

'ఐకరస్' ఇప్పుడే వద్దు. టౌనర్ సొంత ట్యూన్ అది, అతని చేతుల కొలతకి కుట్టింది. ఎఫ్‌లో పన్నెండు బార్ల బ్లూస్ తీసుకోండి, నిదానంగా. కార్డ్స్ మూడే కాబట్టి బుర్ర ఖాళీగా ఉంటుంది, ఒకరినొకరు వినడానికి వీలవుతుంది.

టైమ్ ఇద్దరిదీ. వాడు సోలోలో ఉన్నప్పుడు నీ బొటనవేలు బేస్ నడపాలి, అన్ని బీట్లూ కొట్టక్కర్లేదు, కానీ ఒకటో బీట్ ఎక్కడుందో వినేవాడికి తెలియాలి. నీ సోలో వచ్చినప్పుడు వాడు ఎడమ చేతి రెండు వేళ్లతో చిన్న కార్డ్స్ విసరాలి, అవి కూడా నువ్వు ఊపిరి తీసుకునే సందుల్లోనే. మెట్రోనోమ్‌ని రెండు, నాలుగు బీట్ల మీద మాత్రమే మోగేలా పెట్టి వాయించండి. అది కుదిరాక ఇంకోటి చెయ్యండి. ఒకరు నాలుగు బార్లు పూర్తిగా ఆపేయాలి, రెండోవాళ్లు ఆగకుండా పోతుండాలి, ఆపినవాళ్లు ఐదో బార్ ఒకటో బీట్ మీద దిగాలి. కాలు ఆడించకుండా. ఫోన్లో రికార్డ్ చేసి వింటే ఎవరు తొందరపడుతున్నారో గొడవ లేకుండా తేలుతుంది. నా అనుమానం గిటార్ మీదే, మనకి ప్యాడ్స్ మీద ఆనుకుని వాయించడం అలవాటు.

ఒంగోలు పెడల్:

మొదలుపెట్టే ముందు మీ ఫ్రెండ్ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందో లేదో చూడమనండి. కిందటి ప్రోగ్రాంలో సింగర్ గొంతు కోసం దించి, అట్లాగే వదిలేసి ఉంటారు.