కుక్కకు పచ్చి మాంసం పెడుతున్నవారు ఉన్నారా?

బ్రూనో_ఇల్లు (హనుమకొండ):
మా లాబ్రడార్ బరువు 30 కిలోలు, వయసు నాలుగేళ్లు. డ్రై ఫుడ్ ముందు పెడితే వాసన చూసి పక్కకు పోతున్నాడు. పైగా పొట్ట కింద, చెవుల దగ్గర ఒకటే గోకుడు. పచ్చి మాంసానికి మారిస్తే రెండూ తగ్గుతాయని పార్కులో కలిసే ఒకాయన గట్టిగా చెబుతున్నారు. నెట్‌లో చూస్తే అంతా టర్కీ మెడలు, దుప్పి మాంసం గోల. అవి మనకెక్కడివి? వీధి చివర చికెన్ సెంటర్, ఆదివారం మటన్ కొట్టు, ఇవే నాకు దిక్కు. ఇంట్లో మూడేళ్ల పాప, మా అమ్మ ఉన్నారు. నిజంగా పెడుతున్నవారు ఎలా పెడుతున్నారో చెప్పండి.

గోదావరి_గట్టు (రాజమహేంద్రవరం):
మా జర్మన్ షెపర్డ్‌కు చాలా కాలంగా పెడుతున్నాను. ఎదిగిన కుక్కకు రోజుకు ఒంటి బరువులో 2 నుంచి 3 శాతం అని లెక్క. మీవాడికి 600 నుంచి 900 గ్రాములు, రెండు పూటలకూ కలిపి. లాబ్రడార్ కదా, తక్కువ వైపే ఉండండి. ఆ జాతి ఎంత తిన్నా ఇంకా ఉందా అన్నట్టే చూస్తుంది. అందులో 80 శాతం కండ, 10 శాతం నమలగలిగిన ఎముక, మిగిలిన 10లో సగం కార్జం, సగం మూత్రపిండాల వంటివి. గుండె, కందనకాయ కండ లెక్కలోకే వస్తాయి. చాలామంది ఇక్కడే తికమక పడతారు.

ఉదయం ఏడింటికల్లా కొట్టుకు వెళ్తాను. మధ్యాహ్నం దాకా ఎండగాలికి వేలాడిన మాంసం, మొద్దు మీద ఈగలు ముసిరిన ముక్క కొనను. కందనకాయ చీల్చి, లోపలి ఇసుక కడిగి, ఆ పసుపు పొర ఒలిచి ఇమ్మని ప్రత్యేకంగా అడగాలి. అడగకపోతే ‘కుక్కకే కదా’ అని అలాగే సంచిలో పడేస్తారు. పూటకో డబ్బా చొప్పున ఫ్రీజర్‌లో పెట్టి, ముందు రోజు రాత్రి కింది అరలోకి దించుతాను. బయట పెట్టి కరిగించను. కరెంటు చాలాసేపు పోయి మాంసం మెత్తబడి వేడెక్కితే పారేస్తాను.

మలం చిన్నగా, గట్టిగా వస్తుంది, వాసన తక్కువ. బొచ్చు నిగనిగలాడుతోంది. అంతకు మించిన అద్భుతాలేవీ నేను చూడలేదు. 2025 ఫిబ్రవరిలో మా ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మాత్రం పచ్చి కోడి ఆపేసి, ఉడికించే పెట్టాను.

పొలం_కాపలా (సూర్యాపేట):
మా పొలం దగ్గర నాటు కుక్కలు అన్నం, పులుసు, మజ్జిగ తిని పన్నెండు పదమూడేళ్లు బతుకుతున్నాయి. ‘కుక్క అంటే తోడేలే, తోడేలు వండుకుంటుందా’ అనేవారికి ఒక మాట. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కుక్కల్లో తోడేళ్లలో కంటే ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. మనిషి గుమ్మంలో వేల ఏళ్లు గంజి తాగిన జంతువు అది.

ఇద్దరు_పగ్గులు (విజయవాడ):
మాది సగం శాకాహారం ఇల్లు. కింది అరలో కరుగుతున్న డబ్బా అంచు నుంచి గులాబీ రంగు నీళ్లు కూరగాయల ట్రేలోకి, సరిగ్గా కొత్తిమీర కట్ట మీదికి, బొట్లుబొట్లుగా జారడం మా అత్తగారు చూశారు. ఆ సాయంత్రంతో మా ఇంట్లో పచ్చి మాంసం అధ్యాయం ముగిసింది. అయినా పగ్గులు నమలవండీ, మింగుతాయి. చప్పిడి ముక్కు జాతులకు కోడి మెడ చేతికిచ్చి వదిలేయడం ప్రమాదం.

గొర్రెల_డాక్టరమ్మ (అనంతపురం):
పశువైద్యురాలిగా రెండు మాటలు. కోడి సంగతి తర్వాత, ముందు మటన్ కొట్టు సంగతి. అక్కడ ఉచితంగా ఇచ్చే ఊపిరితిత్తులు, మచ్చలున్న కార్జం పచ్చిగా పెట్టవద్దు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. గొర్రెలు ఎక్కువున్న చోట హైడాటిడ్ అనే నీటితిత్తుల జబ్బు బెడద ఉంటుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో తెల్లగా, నీళ్లు నిండిన తిత్తులు కనిపిస్తాయి. కోస్తే గట్టి గోడ, లోపల తేట నీరు. కొట్టువారు ఆ భాగాన్ని మనుషులకు అమ్మలేక కుక్కలకు విసురుతారు. ఆ తిత్తిలోని పిల్లపురుగు కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల బద్దెపురుగుగా ఎదిగి, సుమారు ఆరేడు వారాల్లో గుడ్లు విడవడం మొదలుపెడుతుంది. కుక్కకు ఏమీ కాదు, ఎగురుతూ ఆడుతూనే ఉంటుంది. మలంలో పురుగు కంటికి ఆనదు. గుడ్లు బొచ్చుకు అంటుకుంటాయి, కుక్కను కౌగిలించుకున్న పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతాయి. మనిషి కార్జంలో ఆ తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. చివరికి చాలామందికి ఆపరేషన్ తప్పదు.

మామూలు నులిపురుగుల మందులన్నీ దీనికి పనిచేయవు, ప్రాజిక్వాంటెల్ ఉన్నదే కావాలి. పచ్చి అవయవాలు తినే కుక్కకు ఎంత తరచుగా వేయాలో మీ డాక్టరుతో మాట్లాడండి, ఏడాదికోసారి సరిపోదు. బాగా ఉడికిస్తే ఈ గొడవే ఉండదు.

గోదావరి_గట్టు:
డాక్టర్ గారూ, నేను మేక, గొర్రె అవయవాలు పెట్టను, కోడివే. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే క్రిములు చావవా?

గొర్రెల_డాక్టరమ్మ:
సాల్మొనెల్లా చావదండీ. గడ్డకట్టినంతసేపు పెరగకుండా ఆగుతుంది, కరగగానే మళ్లీ మొదలు. కుక్క ఆరోగ్యంగా కనిపిస్తూనే మలంలో దాన్ని విడుస్తుంది. 2012లో అమెరికా పశువైద్యుల సంఘం పచ్చి మాంసం పెట్టవద్దని చెప్పడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. మీ పద్ధతి శుభ్రంగానే ఉంది, కాదనను. కానీ అడిగినవారి ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. పిల్లలు కుక్క గిన్నెలో చేయి పెడతారు, కుక్క వాళ్ల మూతి నాకుతుంది.

ఇంకొకటి, ఎముక లేని మాంసమే పెట్టేవారి గురించి. మాంసంలో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఎదిగే కుక్కపిల్లలకు అదే పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. కాళ్లు వంకరపోయి, అడుగు వేయలేని గ్రేట్ డేన్, లాబ్రడార్ పిల్లలను మా దగ్గరికి ఎత్తుకొస్తారు. ‘రోజూ అర కిలో చికెన్ పెడుతున్నాం, బలం ఎందుకు లేదు’ అని అడుగుతారు.

మెల్‌బోర్న్_తెలుగు:
ఇక్కడ కోడి మెడలు కుక్కల కోసమే ప్యాకెట్లలో అమ్ముతారు. అసలు ఈ పచ్చి ఆహారం ఉద్యమానికి 1993లో ఊపు తెచ్చింది ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్టే. అదే దేశంలో 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారు పచ్చి కోడి మాంసానికీ, కుక్కల్లో వచ్చే ఒక రకం పక్షవాతానికీ సంబంధం ఉందని చూపించారు. కోడిలో ఉండే క్యాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా మీద అనుమానం. మొదట వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, తర్వాత ముందు కాళ్లు, మొరుగు గొంతు మారిపోతుంది. చాలా కుక్కలు కోలుకుంటాయి గానీ నెలలు పట్టవచ్చు. అరుదైనదే, అయినా మా వీధిలో ఒక కుక్కను అలా చూశాక మేము మెడలు కొనడం మానేశాం.

నల్లి_బొక్క (కర్నూలు):
ఎముకల మాట వచ్చింది కాబట్టి: పొటేలు తొడ నల్లి, పచ్చిదైనా సరే, పళ్లు విరగ్గొడుతుంది. మావాడికి పై దవడలో పెద్ద పన్ను నిలువునా పలకలా చీలింది. మత్తు ఇచ్చి తీయించాం. బొటనవేలి గోటితో నొక్కితే నొక్కు పడని వస్తువేదీ నమలడానికి ఇవ్వవద్దని డాక్టర్ చెప్పారు. ఉడికించిన కోడి ఎముక సంగతి అందరికీ తెలిసిందే, సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది.

బ్రూనో_ఇల్లు:
అందరికీ ధన్యవాదాలు. పాప ఉంది కాబట్టి పచ్చిది వద్దనుకుంటున్నాను. ఎముక తీసి ఉడికించిన చికెన్, కొంచెం కార్జం, అన్నం, గుమ్మడికాయ. కాల్షియం ఎలా?

గొర్రెల_డాక్టరమ్మ:
గుడ్డు పెంకులు కడిగి, ఉడకబెట్టి, ఎండబెట్టి మెత్తగా పొడి చేయండి. ఒక టీ చెంచా పొడిలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, మీవాడికి రోజుకు ముక్కాలు చెంచా చాలు. కార్జం రోజూ గుప్పెడు వద్దు, విటమిన్ ఎ మితిమీరుతుంది. మిగతా విటమిన్ల సంగతి మీ డాక్టరును అడిగి ఖాయం చేసుకోండి.

అసలు విషయం మరిచిపోయారు, దురద. ముందు చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి. అవి లేవని తేలితే చికెన్ పడకపోవడం ఒక కారణం కావచ్చు. అలాంటప్పుడు పచ్చిదైనా, ఉడికినదైనా ఆ చికెనే మళ్లీ పెడితే లాభమేమిటి? ఇప్పటివరకు తినని ఒకే మాంసం ఎనిమిది వారాలు పెట్టి చూడాలి, మధ్యలో బిస్కెట్టు కూడా ఇవ్వకూడదు.

బ్రూనో_ఇల్లు:
గోమార్లు లేవు, పోయిన వారమే చూపించాం. వాడు చేప ఎప్పుడూ తినలేదు. ముళ్లు తక్కువని కొర్రమేను అనుకున్నాను గానీ, కుక్కకు కొర్రమేను అంటే మా అమ్మ ముందు నన్ను గేటు బయట కట్టేస్తుంది. వేరే చేప ఏదైనా చెప్పండి.